పితౄణము – తిరుగు ప్రయాణమున ఒక ధర్మవిచారము

తీర్థయాత్రకు పోయినవాడు రిక్తహస్తములతో ఇల్లు చేరడు. కాశికి పోయినవాడు గంగను తెచ్చును. తిరుమలకు పోయినవాడు శ్రీవారి ప్రసాదమును తెచ్చి ఇరుగుపొరుగువారికి పంచిపెట్టును. యాత్రాఫలము పోవు త్రోవలో కంటె తిరుగు త్రోవలోనే ఎక్కువగా తెలియును. ఏలయన, పోవునపుడు మనస్సులో కోరిక ఉండును. వచ్చునపుడు చేతిలో లభించిన వస్తువు ఉండును. దానిని ఏమి చేయవలెనను ప్రశ్న అప్పుడు గాని పుట్టదు.

ఇటీవలి కాలమున గృహస్థులలో మరియొక విధమగు యాత్ర ప్రబలుచున్నది. పట్టణములలో స్థిరపడి రెండు మూడు తరములు గడచినవారు, తమ పూర్వులు ఏ గ్రామమున వసించిరో, ఏ వృత్తిచే జీవించిరో, ఏ స్వామిని సేవించిరో తెలిసికొనగోరి, కుటుంబముతో కారులో బయలుదేరి ఊరూరు తిరుగుచున్నారు. ఈ కోరిక శ్లాఘనీయమే. తర్పణము విడుచునపుడు పితృ పితామహ ప్రపితామహుల పేర్లు గోత్రసహితముగా చెప్పవలెను గదా! ఆ మూడు పేర్లకు పైన నాలుగవ పేరు అడిగినచో చాలమందికి నోట మాట రాదు. అట్టి స్థితిలో పూర్వులను వెదకుకొనుచు పోవుట ఒక విధముగ పితృపూజయే యగును.

వెదకువారికి ఆధారములును కొల్లలుగా కలవు. గయ, హరిద్వారము మొదలగు క్షేత్రములలోని పండాలు యాత్రికుల వంశావళులను తరతరములుగా తమ బహీలలో వ్రాసి కాపాడుచు వచ్చిరి. తెలుగునాట గ్రామకరణములు చెప్పిన స్థానిక వృత్తాంతములను కల్నల్ మెకంజీ (1754–1821) కావలి సోదరులు మొదలగు దేశీయ పండితుల సహాయముతో సేకరింపగా, అవి కైఫీయతులను పేర నేటికిని నిలిచియున్నవి. మద్రాసు రాజధానిలో 1858లో ఏర్పడిన ఇనాం కమీషను వ్రాయించిన రిజిస్టర్ల వలన ఏ భూమి ఏ దేవునకు, ఏ వృత్తికి ఈయబడినదో తెలియును. 1984లో ఆంధ్రప్రదేశమున కరణీకములు రద్దయిన పిమ్మట గ్రామలెక్కలెరిగిన వృద్ధులు క్రమముగా తగ్గిపోయిరి గాని, కాగితములు పూర్తిగా నశింపలేదు.

అయితే ఆధారము దొరకుట వేరు. దొరికినదానిని భరించుట వేరు. పూర్వుల పేర్లకై పోయినవానికి ఆ పేర్లతోపాటు వారు తీర్పక విడిచిన ఋణమొకటి కనబడినచో, పేర్లను మాత్రము ఇంటికి తెచ్చుకొని ఋణమును త్రోవలో విడిచిపెట్టవచ్చునా? ఈ ప్రశ్న నేడు పెక్కు కుటుంబములకు ఎదురగుచున్నదే. దానిని ఒక గృహస్థుని వృత్తాంతము ననుసరించి విచారించుట సులభము.

ఆ గృహస్థుడు హైదరాబాదున ఉద్యోగము చేసి విశ్రాంతి పొందినవాడు. వైష్ణవ సంప్రదాయమున పెరిగినవాడు. ఆయన పూర్వుల ఊరు కృష్ణానది సముద్రమున కలియు దివిసీమలోని ఒక పల్లె. అచ్చటి పాత ఇల్లు, పెట్టెలోని తాళపత్రములు, దస్తావేజులు అన్నియు 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనలో కొట్టుకొనిపోయినవి. మిగిలినది ఒక కథ మాత్రమే. ఆ కథ యేమనగా, గృహస్థుని తాతగారు తమకున్న మంచి మాగాణి రెండెకరములను అమ్మి, కుమారుని మద్రాసునకు పంపి చదివించెనట. ఆ చదువు వలననే కుటుంబము పైకి వచ్చినది. ఏ శుభకార్యము జరిగినను ఆ ఇంట ఈ త్యాగమును స్మరించుట ఆచారమైనది. తాతగారి చిత్రపటమునకు పూలదండ వేయని పండుగ లేదు.

ఆయన భార్యతోను, కుమారునితోను, పదేండ్ల మనుమరాలితోను కారులో బయలుదేరి, శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువును సేవించి, స్వగ్రామము చేరి రెండు దినములు గడపెను. గ్రామమున వేణుగోపాలస్వామి కోవెల యున్నది. ముఖమండపము గోడలో ఒక దీపపు గూడు కనబడినది. అందు దీపము లేదు. వృద్ధుడగు అర్చకుడు దానిని చూపి, "ఈ గూడును ఇప్పటికీ అమ్మగారి గూడు అంటాం బాబూ. మీ వంశంలో ఆవిడే సాయంకాలపు దీపానికి భూమి రాసిచ్చారని మా నాన్నగారు చెప్పేవారు. దీపం మాత్రం ఆయన నాడే ఆగిపోయింది" అని చెప్పెను. ఆ అమ్మగారెవరో గృహస్థునకు తెలియలేదు. ఆయన కష్టపడి సిద్ధపరచుకొనిన వంశవృక్షములో ఆమె పేరు లేదు.

మూడవ దినమున మచిలీపట్నమున రిజిస్ట్రారు కచేరిలో పాత పుస్తకముల నకళ్లు రెండు లభించినవి. మొదటిది దానపత్రము. వ్రాసినది తాతగారి తమ్ముని భార్య. చిన్నతనముననే భర్త పోయినాడు; సంతానము లేదు. పుట్టింటివారు పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన రెండెకరముల మాగాణి ఫలసాయముతో స్వామి సన్నిధిని ప్రతి సాయంకాలము దీపము వెలిగింపవలెననియు, ఆ భూమి అజమాయిషీ తన బావగారు చూడవలెననియు ఆమె వ్రాయించి వేలిముద్ర వేసినది. రెండవది ఎనిమిది సంవత్సరముల తరువాతి క్రయపత్రము. అవే సర్వే నంబర్లు. అవే నాలుగు హద్దులు. అమ్మినది బావగారు, అనగా గృహస్థుని తాతగారు. భూమి తనకెట్లు సంక్రమించినదో చెప్పవలసిన చోట ఒకే మాట యున్నది: స్వార్జితము.

ఆ మధ్యాహ్నము కారు ఇంటివైపు తిరిగినది. మచిలీపట్నము నుండి హైదరాబాదు వరకు ఒకే జాతీయ రహదారి. పామర్రు, ఉయ్యూరు దాటువరకు ఎవరును మాట్లాడలేదు. విజయవాడ దాటిన పిమ్మట కుమారుడు, "నాన్నగారూ, కొన్నవాళ్ల తప్పు లేదు. ఆవిడకు వారసులు లేరు. ఎవరికి ఏం తిరిగి ఇస్తాం? ఇది మనం చేసిన పని కాదు కదా" అనెను. భార్య, "పోయినవాళ్ల తప్పులు ఎన్నడం మంచిది కాదండీ. పితృదేవతలు నొచ్చుకుంటారు" అనెను. రెండు మాటలును కేవలము స్వార్థముచే పుట్టినవి కావు. రెంటిలోను కొంత ధర్మము కలదు. కాగా వెనుక కూర్చున్న మనుమరాలు వంశవృక్షపు కాగితమును ఒడిలో పరచుకొని చాలసేపు చూచి, "తాతయ్యా, దీపం పెట్టించినావిడ ఈ చెట్టులో ఎక్కడుంది?" అని అడిగినది. తాతగారి తమ్ముని పేరు ప్రక్కన 'సంతానము లేదు' అను రెండు మాటలు తప్ప ఆ కొమ్మకు మరేమియు లేదు. గృహస్థుడు సమాధానము చెప్పలేకపోయెను.

మొదట కుమారుని మాటను విచారింపవలెను. తండ్రి పాపము కుమారునకు సంక్రమించునా? సంక్రమింపదనియే శాస్త్రము. ప్రాణి ఒంటరిగా పుట్టి, ఒంటరిగా పోయి, తన సుకృతదుష్కృతములను ఒంటరిగా అనుభవించునని మనువు చెప్పెను. వాల్మీకి పూర్వవృత్తాంతముగా చెప్పబడు కథ అందరెరిగినదే. బాటసారులను దోచి కుటుంబమును పోషించుచున్న కిరాతుడు, ఋషులు అడుగుమనగా, తన పాపములో పాలు పంచుకొందురా అని ఆలుబిడ్డలను అడిగెను. మేము పంచుకొనమని వారు నిష్కర్షగా చెప్పిరి. వారి మాట సిద్ధాంతరీత్యా సత్యమే. కాని ఆ కథ వినువారు ఒక సంగతిని సాధారణముగా గమనింపరు. పాపములో భాగము లేదన్నవారు అంతవరకు తినిన అన్నమునకు ఏమి సమాధానము చెప్పిరి? ఆ మాట ఎవరును వారిని అడుగలేదు. దోచిన సొమ్మని తెలియనంతవరకు వారు నిర్దోషులు. తెలిసిన మరునాడు ఆ సొమ్ముతోనే పొయ్యి వెలిగించినచో వారిని ఏమనవలెను?

కావున పాపము వేరు, ఋణము వేరు. పాపము చేసినవానితో పోవును. ఋణము సొమ్ముతోపాటు నిలుచును. సొమ్ము ఎచ్చటికి చేరినదో ఋణమును అచ్చటికే చేరును. అందుచేతనే స్మృతికారులు పితృపాపమును పుత్రునిపై మోపకయే పితౄణమును మోపిరి. మద్యమునకు, జూదమునకు, కామమునకు తండ్రి చేసిన అప్పులను కుమారుడు తీర్పనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు స్పష్టముగా మినహాయించెను. అనగా తండ్రి దోషమును కుమారునిచే మోయించుట వారి ఉద్దేశము కాదు. ఇంటిని నిలిపిన సొమ్మునకు ఆ ఇంటివారు బాధ్యులని మాత్రమే వారి తాత్పర్యము. పై గృహస్థుని ఇంట ఆ రెండెకరముల ధర ఒక చదువైనది, చదువు ఉద్యోగమైనది, ఉద్యోగము ఇల్లయినది, ఆ ఇంటినుండి బయలుదేరిన కారే ఇప్పుడు రహదారిపై పోవుచున్నది.

కాలము గడచినదను మాట ఒకటి కలదు. న్యాయస్థానములలో అప్పునకు కాలదోషము పట్టును. 2005లో హిందూ వారసత్వ చట్టమునకు జరిగిన సవరణచే, అటుపిమ్మట పితృ పితామహ ప్రపితామహులు చేసిన అప్పులను కేవలము ధర్మబాధ్యత యను కారణముచే పుత్రపౌత్రప్రపౌత్రుల నుండి వసూలు చేయు హక్కును న్యాయస్థానములు గుర్తింపరాదని ఏర్పడినది. అప్పులవాండ్ర పీడనుండి సంతానమును కాపాడుటకు ఇది ఉపకరించును. కాని న్యాయస్థానము అడుగనంత మాత్రమున అంతఃకరణము అడుగుట మానదు. ఋణదాత పోయినాడు, పత్రము మురిగిపోయినది, సాక్షులు లేరు. ఇవి అన్నియు ఎదుటివాడు అడుగలేకపోవుటకు కారణములే గాని, తాను ఈయకుండుటకు కారణములు కావు.

అట్లయినచో ప్రతి కుటుంబమును ఏడు తరముల వెనుకకు పోయి ప్రతి గవ్వకు లెక్క చూడవలెనా? అది మానవశక్యము కాదు. ధర్మము అశక్యమును విధింపదు. తెలియని ఋణమును నిత్యతర్పణముతోడను, అన్నదానముతోడను భగవంతునకు విడిచిపెట్టవచ్చును. తెలిసిన ఋణము అట్లు కాదు. ఈ గృహస్థుడు ఇంటిలోనే కూర్చుండియున్నచో ఆయనకు ఏ బాధ్యతయు లేదు. ఆయన స్వయముగా వెదకుకొనుచు పోయెను, పూర్వులు తనవారని చెప్పుకొనుటకు ఆధారము కోరెను, ఆధారము లభించినది. మంచిపేరు దొరికినచో తనదనియు, అప్పు దొరికినచో వారిదనియు చెప్పుట కుదరదు. తెలియక చేసినవానికి క్షమ కలదు. తెలిసికొని మరచినట్లు నటించువానికి ఆ క్షమ దొరకుట కష్టము.

ఇక భార్య చెప్పిన మాట. పూర్వుల తప్పును బయటపెట్టుట వారికి అవమానము కాదా? మన వాఙ్మయములో వంశకథనమునకు గొప్ప స్థానమున్నది. వంశానుచరితము పురాణలక్షణములు అయిదింటిలో ఒకటి. కాని ఆ వంశకథలు పొగడ్తలు కావు. రఘువంశమును పందొమ్మిది సర్గలలో చెప్పిన కాళిదాసు, దిలీపునితో ప్రారంభించి శ్రీరామునితో ముగింపవచ్చును, ముగింపలేదు. విషయలోలుడై క్షయరోగముతో మరణించిన అగ్నివర్ణుని వరకు చెప్పి అచ్చట విరమించెను. విష్ణుపురాణము నాలుగవ అంశమంతయు రాజవంశములను వరుసగా చెప్పి, తుదకు ఈ నేల నాది యని తలచిన రాజులను చూచి భూదేవి నవ్విన గీతతో ముగియును. స్వార్జితమని వ్రాసిన ఆ ఒక్క మాటను చూచి ఆ రెండెకరములును అట్లే నవ్వియుండవలెను. బృహదారణ్యకము చివర గురుపరంపరను చెప్పునపుడు పెక్కుమంది ఆచార్యులు తల్లుల పేర్లతోనే పేర్కొనబడిరి. స్త్రీల పేర్లు లేని వంశవృక్షము మన ప్రాచీనుల మార్గము కాదనుటకు ఇది చాలును.

అన్నిటికంటె సత్యకాముని కథ ఇచ్చట స్మరింపదగినది. గోత్రమేమని గురువు హారిద్రుమతగౌతముడు అడుగగా, తన తల్లి చెప్పిన సంగతిని, అది తనకు గౌరవము తెచ్చునా తేదా యని చూడక, ఉన్నదున్నట్లు చెప్పెను. గోత్రము చెప్పలేకపోయినను సత్యమును తప్పలేదని గురువు ఉపనయనము చేసెను. గోత్రము తెలియనివానికి సత్యమే గోత్రమైనది. గోత్రము తెలిసినవాడు సత్యమును దాచినచో ఆ గోత్రముచే ఏమి ప్రయోజనము?

పితృదేవతలు నొచ్చుకొందురను భయమునకు భగీరథుని కథయే సమాధానము. ఆయన పూర్వులు సగరపుత్రులు. కపిలమహర్షిని దొంగయని నిందించి భస్మమైరి. భగీరథుడు తన పూర్వులు ఏ తప్పును చేయలేదని వాదింపలేదు. ఆ బూడిదను చూడనట్లు రాజ్యము చేసికొనుచు కూర్చుండలేదు. తప్పును ఒప్పుకొని, దానిని కడుగుటకు గంగను తెచ్చెను. తప్పును దాచినవాడు పూర్వులను బూడిదలోనే ఉంచినవాడగును. దానిని తీర్చినవాడే వారిని పైకి పంపినవాడగును. పుత్రుడను పేరునకు అదియే అర్థము.

కోదాడ దాటుసరికి ప్రొద్దు క్రుంకినది. త్రోవప్రక్క ఇండ్లలో దీపములు వెలుగుచున్నవి. అప్పుడు గృహస్థునకు ఒక స్మృతివచనము జ్ఞప్తికి వచ్చినది. తండ్రి అప్పును కుమారుడు వడ్డీతో తీర్పవలెను. తాత అప్పును మనుమడు వడ్డీ లేక మూలధనము మాత్రము తీర్పవలెను. మునిమనుమడు తీర్పనక్కరలేదని బృహస్పతి చెప్పెను. తాను మనుమడు. కాబట్టి తన పాలిటిది మూలధనము. అది ఎంత? ఆనాటి భూమి ధరయా? నేటి ధరయా? ఆయన చాలసేపు లెక్కించెను. తరువాత ఆ లెక్కయే పొరపాటని తోచినది. ఆమె ధరను ఇచ్చిపోలేదు. భూమిని కూడ తనకై దాచుకొనలేదు. ఆమె ఇచ్చినది ప్రతి సాయంకాలము ఒక దీపము. మూలధనము ఆ దీపమే. దానిని తీర్చుటకు వారసులు లేరను మాట కూడ చెల్లదు. దీపమును పుచ్చుకొను స్వామి అచ్చటనే యున్నాడు. గూడును అచ్చటనే యున్నది.

సూర్యాపేటలో కారు ఆపి అందరును దిగినపుడు ఆయన తన నిశ్చయమును చెప్పెను. అంతట కుమారుడు, "మునిమనుమడికి బాధ్యత లేదన్నారు కదా నాన్నగారూ. అయినా నూనె ఖర్చులో సగం నాది" అనెను. ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. తండ్రి ఇచ్చునది ఋణవిమోచనము, తీర్పక తప్పదు. కుమారుడు ఇచ్చునది ఋణము కాదు. అప్పు లేనివాడు ప్రీతితో చేయునది కైంకర్యము. ఒకే దీపపు నూనెలో ఒక సగము ధర్మము, ఒక సగము భక్తి. తాళ్లపాక వంశమున దీనికి గొప్ప ఉదాహరణము కలదు. అన్నమాచార్యులు (1408–1503) స్వామికి సమర్పించిన సంకీర్తనములను కుమారుడు పెదతిరుమలాచార్యులు రాగిరేకులపై చెక్కించెను. మనుమడు చిన్నన్న తాతగారి చరిత్రమును ద్విపదలో రచించెను. వారు పెద్దల పేరును మాత్రమే అనుభవింపలేదు. పెద్దలు చేసిన సేవను మోసిరి. పేరునకు వారసులగుట జన్మచే లభించును. సేవకు వారసులగుట సంకల్పముచే గాని లభింపదు.

అటుపిమ్మట జరిగినది స్వల్పమే. కోవెలలో సాయందీపమునకు కొంత మొత్తము శాశ్వతనిధిగా ఏర్పడినది. దానిపై గృహస్థుని పేరు గాని, తాతగారి పేరు గాని లేదు. ఆ అమ్మగారి పేరు మాత్రమే యున్నది. వంశవృక్షమున 'సంతానము లేదు' అను మాట ప్రక్క మనుమరాలు తన చేతివ్రాతతో ఆమె పేరు వ్రాసినది. తాతగారి పేరు క్రింద గృహస్థుడు రెండు వాక్యములు చేర్చెను: కుమారుని చదువునకై భూమిని అమ్మెను, ఆ భూమి తమ్ముని భార్యది. చిత్రపటము గోడమీదనే యున్నది. పండుగనాడు దండయు వేయుదురు. త్యాగకథను మాత్రము ఆ ఇంట ఇప్పుడు ఇంకొక పేరుతో చెప్పుచున్నారు.

ఆ సంవత్సరము మహాలయపక్షమున గృహస్థుడు తర్పణము విడుచుచు తాతగారి పేరును ఎప్పటివలెనే తడబడక చెప్పెను. అనంతరము సంతానము లేక పోయిన బంధువులకు విడుచు కారుణ్యతర్పణమున, ఇన్ని దశాబ్దములలో మొదటిసారిగా, ఆమె పేరు చెప్పి తిలోదకము విడిచెను.

పూర్వులను వెదకుకొనుచు పోవువారు తప్పక పోవలెను. గ్రామమును చూడవలెను, కోవెలను సేవింపవలెను, పత్రములను చదువవలెను. ఇంటివైపు బండి తిరిగిన పిమ్మట మాత్రము, తెచ్చుకొనుచున్న పేర్లతోపాటు ఎవరి పేరు విడిచి వచ్చుచున్నామో ఒకసారి లెక్క చూచుకొనవలెను. ఆ లెక్క సరిపడినపుడే ఆ యాత్ర తీర్థయాత్ర యగును.

స్వస్తి.